పంపినవారి పేరు

"కూపను అంటించేసేనే. మాటలు చెప్పు, రాసుకుంటాను," అన్నాడు రాంబాబు వీధరుగు మీది పడక్కుర్చీలోంచి.

సత్యవేణి లోపల రొయ్యలు వొలుస్తోంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇంతే. ఇంటికొచ్చే వారపత్రికలో 'అక్షరాల చిక్కు' అని ఒక పేజీ ఉంటుంది. ఎనిమిది వరసల్లో అక్షరాలు చిందరవందరగా వేస్తారు. వాటిని సర్ది మాట కట్టాలి, పక్కనే అర్థం రాయాలి. అడుగునున్న కూపను కత్తిరించి కార్డుకి అంటిస్తేనే అది చెల్లుతుంది. ఇంటికొచ్చేది ఒక్క పత్రిక, అందులో ఉండేది ఒక్క కూపను. ఆ కూపను మీద సత్యవేణి చెయ్యి ఏనాడూ పడలేదు.

మొదలైంది ఏడేళ్ల కిందట. 'రి, ట్టి, కి, వె, చా' అని ఒక వరస పట్టుకుని రాంబాబు గంటసేపు తల గోక్కున్నాడు. బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుతున్న సత్యవేణి తలెత్తకుండానే, వెట్టిచాకిరి అండి, అంది. అర్థమో, అన్నాడు. కూలి లేకుండా చేసేది, అంది. దాని గురించి ఆమె ఎవరినీ అడగనక్కర్లేదు. మూడు వారాలు తిరిగేసరికి 'మేడిశెట్టి రాంబాబు, ఉప్పలగుప్తం' అని పత్రికలో అచ్చయింది. అప్పటినుంచి ఆమె పాత కేలండరు కాగితాన్ని ముక్కలు చేసి, ముక్కకో అక్షరం రాసుకుని, చేటలో బియ్యం పక్కన పెట్టుకుంటోంది. ఒక చెయ్యి బెడ్డలు ఏరుతుంది, రెండో చెయ్యి అక్షరాలు జరుపుతుంది. అత్తగారు వీరాయమ్మ కంటికి మాత్రం కోడలు బియ్యం బాగుచేస్తున్నట్టే ఉంటుంది. ఆదివారం ఆమె చెప్పే మాటలు కూడా ఆయన ముందే కట్టిపెట్టినవనీ, ఆమె చదివి వినిపిస్తోందనీ ఇంట్లోవాళ్లు అనుకుంటారు.

రాంబాబు పేరు పదకొండుసార్లు అచ్చయింది. రొయ్యల చెరువుల దగ్గర, బస్టాండు దగ్గర, అందరూ ఆయన్ని ఆపి మాటలకి అర్థాలు అడుగుతారు. కిందటేడు గ్రంథాలయ వారోత్సవాల్లో శాలువా కూడా కప్పారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన పదిమందికి సత్యవేణి కాఫీలు అందిస్తుంటే ఎవరో, మీ ఆవిడగారు కూడా చదువుతారాండీ, అని అడిగారు. "ఏడో తరగతండి. ఆవిడకి వంటిల్లు చాలండి," అన్నాడు రాంబాబు. అందరూ నవ్వారు. సత్యవేణి కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అందులోనూ తను నవ్వినందుకు.

చెప్పెయ్యాలని ఎన్నిసార్లు అనుకుందో. కానీ ఆమెది భయాల పుట్ట. మబ్బు పడితే తుఫానే అనుకుంటుంది. కూతురు దుర్గ అమలాపురం కాలేజీ నుంచి వచ్చే బస్సు పదినిమిషాలు ఆలస్యమైతే, అది కాలవలో పడి ఉంటుందని గుమ్మంలో నిలబడిపోతుంది. నిజం చెప్తే ఆయన పరువు పోతుంది. ఆ కోపంలో పత్రిక మాన్పించేస్తాడు, దుర్గ చదువూ మాన్పించేస్తాడు. అలా ఒక్కొక్క ఆపదే పేర్చుకుంటూ నోరు కుట్టేసుకుంది.

ఇన్నింటికి భయపడింది కానీ, నిన్న జరిగింది మాత్రం ఆమె భయాల్లో ఎప్పుడూ లేదు.

అర్ధసంవత్సరం పరీక్షల్లో లెక్కలు తప్పి వచ్చింది దుర్గ. పుస్తకాలు గుడ్డసంచీలో కుక్కి అటక మీద పెట్టేసింది. ఏంటే ఇది, అంటే తల్లి మొహం కూడా చూడకుండా చెప్పింది.

"మానేస్తానమ్మా. నాకు నీ బుర్రే వచ్చిందంట, నాన్నమ్మ అంటోంది. నాన్న పోలిక వచ్చుంటే బాగుండేది."

అందులో ఎగతాళి లేదు. అమ్మ కళ్లు వచ్చాయి, అమ్మ ఒత్తుజుట్టు వచ్చింది, అలాగే మొద్దుబుర్ర కూడా వచ్చిందని పిల్ల నమ్మేసింది. రాత్రి భోజనాల దగ్గర రాంబాబు, ఆడపిల్ల కదా, పోనీలే, అన్నాడు. రేపు సోమవారం నుంచి ఆ పిల్ల ఇక కాలేజీకి వెళ్లదు.

"ఏవే, వినబడలేదా?" మళ్లీ పిలిచాడు రాంబాబు.

సత్యవేణి చేతులు కడుక్కుంది. నీచువాసన పోలేదు. గదిలో ముసుగుతన్ని పడుకున్న దుర్గని రెక్క పట్టుకుని లేపి అరుగు మీదకి తీసుకొచ్చింది. అక్కడ వీరాయమ్మ కూడా ఉంది, తమలపాకుకి సున్నం రాసుకుంటూ. సత్యవేణి మొగుడి ఒళ్లోంచి కార్డూ కలమూ తీసుకుని కింద కూర్చుంది.

"ఈసారి మీరు చెప్పండి, నేను రాస్తాను."

"వేళాకోళమా?"

"కాదండి. మొదటిది చెప్పండి."

తల్లి చూస్తోంది, కూతురు చూస్తోంది. రాంబాబు పత్రిక ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. 'వా, లు, ఆ, న.'

"వానలు," అన్నాడు. చెరువులున్నవాడికి అంతకన్నా ఏం కనబడుతుంది. "వానలు... మరి ఈ 'ఆ' ఎక్కడ పెట్టాలి?" అలవాటుగా ఆమె వైపు తిరిగాడు.

సత్యవేణి నోరు విప్పలేదు. ఏడేళ్లలో ఆయన చూపుకి ఆమె మాట అందివ్వకపోవడం అదే మొదలు. ఇప్పుడు పత్రిక విసిరికొడతాడు, చెయ్యెత్తుతాడు, వీధిలో వాళ్లు ఆగి చూస్తారనుకుంది. అయినా కలం కార్డు మీదే పట్టుకుని కూర్చుంది. వీరాయమ్మ ఆకు నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది.

"నాన్నా," అంది దుర్గ మెల్లగా, "ఇన్నాళ్లూ నువ్వు కాదా?"

రాంబాబు పత్రికని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దుర్గ తండ్రి చేతిలోంచి పత్రిక తీసుకుని పెదాలు కదిలిస్తూ అక్షరాలు అటూ ఇటూ జరుపుకుంది. ఒకసారి తప్పు కూడా పోయింది.

"ఆనవాలు," అంది.

"అర్థం?" అంది సత్యవేణి, కలం ఎత్తి.

"గుర్తు. ఇది ఎవరిదో పోల్చుకునే గుర్తు."

సత్యవేణి రాసింది. మిగతా ఏడూ తల్లీ కూతుళ్లు పూర్తిచేశారు. రెండు దుర్గకి తట్టాయి, ఐదు సత్యవేణికి. ఆఖరున పంపినవారి పేరు దగ్గర కలం ఆగడం చూసి రాంబాబు గొంతు తగ్గించాడు.

"నలుగురికీ తెలిస్తే నవ్వుతారే."

"నవ్వుతారండి," అంది సత్యవేణి. 'మేడిశెట్టి సత్యవేణి' అని వంకరటింకరగా రాసి, సిరా ఆరేదాకా ఊదింది. తర్వాత కార్డు కూతురి చేతిలో పెట్టింది.

"రేపు కాలేజీ బస్సెక్కేముందు పోస్టుడబ్బాలో వేసెయ్యి."