నాలుగో ఏటి నీడ

సోమవారం ఉదయం ఎనిమిదింటికల్లా జాబితా మేడం, టేపు బాబాయ్ నీడలు కొలవడానికి బయలుదేరారు. నీడలంటే ఉన్నవాటివి కావు. పురపాలక సంఘం రాబోయే అయిదేళ్ళలో కట్టాలనుకున్న పనుల జాబితాలోకి ఏదైనా ఎక్కిందంటే, ఆ రోజు నుంచే దాని నీడ దాని స్థలంలో పడుతుంది. మొదటి ఏడాదికి రాసిన పని నీడ చిక్కగా, చల్లగా ఉంటుంది. రెండో ఏడాదిది కాస్త పలచన. అయిదో ఏడాదిది ఉందో లేదో కళ్ళు చికిలించి చూసుకోవాలి. డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలో తేలని పనికైతే నీడ అంచులు వణుకుతాయి. ఏటా జాబితాని సవరించే ముందు వీటన్నిటినీ కొలిచి రాసుకోవడం ఆఫీసులో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి.

జాబితా మేడం అసలు హోదా పేరు రెండు వరుసలు పడుతుంది. అది పలకడానికి ఊళ్ళో ఎవరికీ నోరు తిరగదు. జాబితా రాసేది ఆవిడే కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది. టేపు బాబాయ్ సర్వే విభాగంలో ముప్ఫయ్యేళ్ళుగా టేపు పట్టుకు తిరుగుతున్న మనిషి. వయసులో పెద్దవాడు కాబట్టి ఆవిడ తనకి పై అధికారి అయినా అమ్మాయ్ అనే పిలుస్తాడు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఈ ఊళ్ళో పెద్దగా చెల్లదు. ఇక్కడ సోమలింగం పుట్టకముందే నీడనిస్తాడు. కట్టని బస్ షెల్టరు కింద జనం బస్సు కోసం నిలబడతారు. కట్టని లైబ్రరీ కింద క్షవరాలాయన కుర్చీ వేసుకుని పదిమందికి పని చేస్తాడు. ఆవిణ్ణి చూడగానే కత్తెర పక్కన పెట్టాడు.

"మేడం, లైబ్రరీని వెనక్కి జరిపారా? నాలుగు రోజులుగా మా వాళ్ళ నడినెత్తి మాడిపోతోంది."

"పోయిన వారం కౌన్సిల్లో మూడో ఏడాదికి జరిపారు. అప్పు పరిమితి దాటకూడదు కదండీ."

"పరిమితి మీది, బట్టతల వాళ్ళదీనా?" అన్నాడతను. కుర్చీలో ఉన్నాయన కూడా నవ్వాడు.

టేపు బాబాయ్ లైబ్రరీ నీడ కొలిచి అంకె చెప్పాడు. ఆవిడ రాసుకుంది. అలా కూరగాయల మార్కెట్టు, మురుగునీటి పంపులు, వాటర్ ట్యాంకు అన్నీ అయ్యాక ఇద్దరూ కాలువ గట్టు ఎక్కారు. నడిచేవాళ్ళ కోసం అనుకున్న వంతెన నీడ నీళ్ళ మీద అడ్డంగా పడి ఉంది. పలచగా, నాలుగో ఏటి నీడ. పదకొండేళ్ళుగా అది నాలుగో ఏటి నీడగానే ఉంది.

ఇందులో వింతేమీ లేదు. జాబితా ఏటా ఒక మెట్టు ముందుకి జరుగుతుంది. మొదటి ఏడాది పనులు టెండర్లకి వెళ్తే, రెండో ఏడాదివి వాటి చోటుకి వస్తాయి. వంతెన కూడా అలా వచ్చి ఉండాల్సిందే. కానీ ఏటా మార్కులు వేసేటప్పుడు ఆవిడ దానికి 'అవసరం' అన్న గడిలో పదికి రెండు వేస్తుంది. రెండు మార్కుల పని మళ్ళీ నాలుగో ఏటికి పోతుంది.

కాలువకి అవతలి ఒడ్డున, సరిగ్గా వంతెన నీడ ఆగేచోట, ఆవిడ అక్క ఇల్లు ఉంది. ఆసుపత్రి ఇవతలి ఒడ్డున ఉంది. అక్క గుమ్మంలో నిలబడితే దాని పైఅంతస్తు కిటికీలు లెక్కపెట్టుకోవచ్చు. కానీ వెళ్ళాలంటే పెద్ద వంతెన దాకా పోయి, చుట్టూ తిరిగి, రెండు బస్సులు మారాలి. గంటన్నర ప్రయాణం. అక్కకి రెండేళ్ళుగా వారానికి మూడు సార్లు డయాలసిస్ జరుగుతోంది. చెల్లెలు తన ఇంట్లో ఉండమని ఎన్నిసార్లు అడిగినా, మంచం పట్టిన మీ బావని ఎవరు చూస్తారంటుంది.

అవతలి గట్టు మీద అక్క కనిపించింది. ఇద్దరూ చేతులూపుకున్నారు. తర్వాత అక్క ఫోన్ చేసింది. ఎదురుబొదురుగా నిలబడి ఫోన్లో మాట్లాడుకోవడం వాళ్ళకి అలవాటే.

"ఎంతుందే నీడ?"

"అంతే ఉందక్కా."

"నాకూ కనిపిస్తోందిలే. ఊరికే అడిగాను. తిన్నావా?"

"తిన్నాను. నువ్వు?"

"ఆఁ. ఒక మాట చెప్పాలి, కంగారుపడకు. ఇందాకే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఎల్లుండి నుంచి నా మంచం ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాను."

"అక్కా! ఏం మాటలవి?"

"బస్సులు మారలేకపోతున్నానే. అక్కడ నాలుగు గంటలు, దారిలో మూడు గంటలు. ఒకరోజు వెళ్ళి రావడం, మర్నాడు పడుకోవడం, మూడోనాడు మళ్ళీ సంచి సర్దుకోవడం. ఒక ఏడాదంటే పళ్ళ బిగువున లాక్కొస్తాను. నాలుగేళ్ళ నీడ చూసుకుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు. నీ మీద కోపమేం లేదు సుమా."

కోపం ఉన్నా బాగుండేది. తిడితే పడటానికి ఆవిడ పదకొండేళ్ళుగా సిద్ధంగానే ఉంది. ఫోన్ పెట్టేశాక గట్టు మీదే కూర్చుని ఏడ్చింది. టేపు బాబాయ్ చుట్టిన టేపునే విప్పి మళ్ళీ చుట్టాడు. ఆవిడ కళ్ళు తుడుచుకున్నాక అడిగాడు.

"అమ్మాయ్, దానికి రెండు మార్కులెందుకు వేస్తావు?"

"మా అక్క అక్కడుంది బాబాయ్. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లనే అంటారు. సొంత మనుషులకి వంతెన కట్టించుకుందంటే తల ఎక్కడ పెట్టుకోను?"

"ఆ ఒడ్డున మీ అక్క ఒక్కతే ఉందా? మూడు వేల గడప ఉంది. మీ అక్కకి ఇరుగుపొరుగైన పాపానికి వాళ్ళందరికీ నువ్వేసిన శిక్షమ్మా ఇది."

ఆవిడ పుస్తకం సంచిలో పెట్టుకుని లేచింది.

మంగళవారం పదకొండింటికి కౌన్సిల్ సమావేశం. ఈ ఏడాది అప్పు తెచ్చుకోవడానికి మిగిలిన వెసులుబాటులో పెద్ద పని ఒక్కటే పడుతుంది. చైర్మన్ గారికి ఆఫీసు ముందు ఎనిమిది స్తంభాలతో వసారా కట్టించాలని కోరిక. అది మొదటి ఏడాది పని కాబట్టి నీడ ఇప్పటికే వీధిలో దర్జాగా పడుతోంది. ఒక్కో స్తంభం నీడలో ఒక్కో సైకిలు పెట్టుకుంటున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, కాస్త ఆడంబరం ఎక్కువ, అంతే.

"చదవండి మేడం," అన్నారాయన.

ఆవిడ లేచింది. చేతిలో కాగితాన్ని బల్ల మీద పెట్టేసింది.

"చదివే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలండీ. కాలువ వంతెనకి 'అవసరం' గడిలో ఇన్నాళ్ళూ రెండు మార్కులు వేశాను. న్యాయంగా తొమ్మిది పడాలి. ఆ ఒడ్డున మా అక్క ఉంది. నలుగురూ ఏమైనా అంటారేమోనన్న భయంతో వేయలేదు. రాత్రి కూర్చుని తొమ్మిది వేసి లెక్క మళ్ళీ కట్టాను. వంతెన అన్నిటికన్నా పైకొచ్చింది. అక్క కోసమే వేశానంటారా, అనండి. పడతాను."

మార్కెట్టు వార్డు సభ్యురాలు గొంతు సవరించుకుంది.

"మీ అక్కగారు అక్కడుంటారని ఊళ్ళో తెలియంది ఎవరికి మేడం? సొంత అక్క ఉన్నా ఈవిడే ముందుకి తేవడం లేదంటే, ఆ వంతెనలో మాకు తెలియని లోపమేదో ఉండి ఉంటుందనుకున్నాం. అందుకే మేమూ ఎప్పుడూ అడగలేదు."

"నేనూ అదే అనుకున్నా," అన్నాడు ఇంకొకాయన. "నేల మెత్తనేమో అని."

"నేల రాయిలా ఉంది," అన్నాడు వెనక నిలబడ్డ టేపు బాబాయ్.

జాబితా మేడం కుర్చీలో కూలబడింది. ఏ మాట పడకూడదని పదకొండేళ్ళు కాపలా కాసిందో ఆ మాట అనే ఆలోచనే ఎవరికీ లేదు. సిగ్గుతో చెవులు మండాయి.

చైర్మన్ గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి తన ఎనిమిది స్తంభాల నీడల్నీ కాసేపు చూసుకున్నారు. మనిషికి మనసు పీకినట్టే ఉంది.

"మూడేళ్ళు ఆగితే స్తంభాలేం పడిపోవు," అన్నారు చివరికి. "ఇంకా లేవలేదు కదా. చేతులెత్తండి."

అందరూ ఎత్తారు. ఆవిడ కలం తీసి వంతెన ఎదురుగా ఉన్న నాలుగు కొట్టేసి ఒకటి వేసింది. సంతకాలయ్యాయి. కింద వీధిలో ఎవరో గొణుక్కుంటూ సైకిలుని గోడ పక్కకి జరుపుకున్నారు.

అవతలి ఒడ్డున అక్క గుమ్మంలో కూర్చుని భర్త దుప్పటికి కుట్టు వేస్తోంది. మిట్టమధ్యాహ్నపు ఎండ. పాదాలకి చల్లగా తగిలితే తల దించి చూసింది. మెట్టు మీద చిక్కని నీడ పడి ఉంది. తలెత్తింది. కాలువ మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నల్లగా పరుచుకున్న దారి, దానికి రెండు వైపులా పట్టుకు నడిచే కమ్మీలు, ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. సూదిని దుప్పట్లోనే గుచ్చి పెట్టి, చాలాసేపు అలాగే చూసింది. తర్వాత ఫోన్ తీసుకుంది.

"అమ్మా, నా మంచం ఎవరికైనా ఇచ్చేశారా?"

"ఇంకా లేదండీ. రేపు పొద్దున ఇద్దామనుకుంటున్నాం," అంది ఆసుపత్రి నర్సు.

"అయితే ఇవ్వకండి. రేపు నేనే వస్తాను."

"నిన్ననే కదండీ ఇక రాలేనన్నారు?"

"నిన్న నాలుగేళ్ళుందమ్మా," అంది అక్క. "ఇవాళ ఏడాదే ఉంది."