అంచు విడిచిన హంసలు

పొద్దున్నే దీపిక కాలేజీ ల్యాబు తాళం తీసి, బల్లలు తుడిచి, తర్వాత తన చీర అంచు చూసుకుంటది. అంచు మీద హంసలు బుద్ధిగ వరుసలో ఉంటే గాలి బాగున్నట్టు. గ్యాసు లీకైతే అవి నేల విడిచి మోకాళ్ల దాకా, నడుము దాకా ఎక్కుతయి. వాళ్లమ్మ భూలక్ష్మి నేసిన గద్వాల చీరలన్నీ అంతే. ఊర్ల ఎవరింట్లనన్న హంస కదిలితే సిలిండర్ బంద్ చేసి, తలుపులు తీసి, మళ్ల పనిల పడ్తరు.

అయినా కాలేజీకి రూలు రూలే. హంసలు సర్టిఫికెట్ ఇస్తయా? అందుకే గ్యాసును పసిగట్టే మిషన్ బిగించనీకి వనపర్తి నుంచి ఉమేష్ వచ్చిండు. సిలిండర్ గ్యాసు గాలికన్న బరువు, కిందనే పరుచుకుంటదని మిషన్‌ను నేలకు జానెడెత్తున పెట్టిండు. నెమ్మదస్తుడు, నవ్వు మొకం. ఆయన వచ్చినకాడి నుంచి దీపికకు అన్నం సయిస్తలేదు. కానీ చెప్తే గద! పిల్లలను గడగడ వణికించే మనిషి, ఆయన ముందు మూగనోము పట్టింది. ఇయ్యాల్టితో పని అయిపాయె. సాయంత్రం బస్సెక్కితే ఆ మనిషి మళ్ల గద్వాలకు ఎందుకొస్తడు?

ఏం చెయ్యాల్నో తోచక, ఉమేష్ చాయ్ తాగనీకి పోయినప్పుడు దీపిక కొత్త మిషన్‌కు పూజ చేసింది. మగ్గానికి చేస్తం, మోటారుకు చేస్తం, దీనికేం తక్కువ? ఆయన చేతులతో బిగించింది గదా అని ప్రేమ పొంగి, పసుపు ముద్ద ముద్దగ పూసి బొట్టు పెట్టింది. పూసుడు పూసుడు సరిగ్గ అది గాలి పీల్చే జాలీ మీదనే పూసింది, పిచ్చిపిల్ల!

ప్రాక్టికల్స్‌కు పిల్లలొచ్చిన్రు. మంటలు ఆరిపోతయని కిటికీలు మూసిన్రు. ఉమేష్ కాయితం మీద సంతకం కోసం తిరిగొచ్చిండు.

"మిషన్ ఉన్నది, ఇంక పరేషాన్ లేదు. బర్నర్లు అంటించుండ్రి," అన్నడు కెమిస్ట్రీ చెప్పే చంద్రశేఖర్ సార్.

"మేడం, మీ హంసలు!" అని అరిచింది ముందు బల్ల కాడి భవ్యశ్రీ.

హంసలు అప్పటికే నడుము దాటినయి. దీపిక గట్టిగ కేకేసింది.

"అగ్గిపుల్ల గీయకుండ్రి! ఫ్యాన్ స్విచ్చు ముట్టకుండ్రి! అందరు బయటికి!"

పిల్లలు బిలబిల ఉరికిన్రు. ఉమేష్ ఒక్క దుంకుల పోయి సిలిండర్ కట్టేసిండు, ఇద్దరు కలిసి కిటికీలు తెరిచిన్రు. బర్నర్ పైపు ఊడింది కిందనే కనపడ్డది. ఉమేష్ చేతిరుమాలుతో జాలీ తుడిచిండో లేదో, మిషన్ కెవ్వుమన్నది.

"దీని ముక్కు ఎవరు మూసిన్రు?"

"నేనే... పూజ చేసిన," అంటూ దీపిక వలవల ఏడ్చింది. "పిల్లలకేమన్న అయ్యుంటే నేను బతికేదాన్నా?"

"ఏం కాలేదు గదా, ఊకోండ్రి. దేవుడికైనా ముక్కు మూస్తే ఊపిరాడదు మేడం," అని నవ్వబోయి ఆగిపోయిండు. ఆమె అంచు బోసిగ ఉన్నది. హంసలన్నీ ఆయన అంగీ మీద, భుజం పొడుగూత వరుసగ కూసున్నయి.

గాలి బాగైనంక అవి మళ్ల చీర అంచుకు దిగాలె. దిగలె. దులిపితే మెడలు ముడుచుకొని పండుకున్నయి.

చంద్రశేఖర్ సార్ దగ్గిండు. "ఆ అంగీ జర విప్పి ఇయ్యరాదయ్యా."

"విప్పి ఇస్తే బస్సుల ఎట్ల పోవాలె సార్?"

చేసేది లేక ఇద్దరు భూలక్ష్మి దగ్గరికి పోయిన్రు. ఆమె మగ్గం గుంతల నుంచి లేవకుండనే అంగీని చూసింది, తర్వాత బిడ్డ మొకం చూసింది.

"ఊరేది నాయినా?"

"పని వనపర్తిల, ఊరు వీపనగండ్ల, అమ్మా. ఇవి ఎప్పుడు దిగుతయి?"

"అవి మెచ్చినకాడ్నే ఉంటయి. దిగవు." భూలక్ష్మి మళ్ల నేతల పడ్డది. "మీ అమ్మకు ఫోన్ చెయ్యి."

ఉమేష్ చెవులు ఎర్రబడ్డయి. ఫోన్ తీసి, నంబర్ కలిపి, దీపిక దిక్కు చూసిండు.

"ఏమని చెప్పాలె?"

దీపిక ఫోన్ చేతిలోకి తీసుకున్నది.

"మీరు ఊకోండ్రి," అన్నది. "నేను మాట్లాడ్త."