డెస్కు కోసిన ముక్క

చోడవరం బస్టాండు దగ్గర టీ బడ్డీలో ఝాన్సీ రోజూ ముందు పేపరు తిరగేస్తుంది, తర్వాతే టీ. తను పంపిన వార్తలో ఎంత మిగిలిందో చూసుకోవాలి కదా. కంట్రిబ్యూటరంటే ఊళ్లు తిరిగి రాసే మనిషి. విశాఖలో డెస్కంటే కూర్చుని కోసే మనిషి. అలాగని కోసిన వాక్యాలు ఊరికే పోవు. నాలుగు రోజులు పోయాక ఆ వార్త పుట్టిన చోటే బెల్లం దిమ్మల మీద తేలతాయి. వ్యాపారులు చాకుతో గీకేసి తూకం వేస్తారు. ఓపికున్నవాళ్లు చదివి మరీ కొంటారు.

ఆ రోజు పేపర్లో "చెరకు క్రషర్‌లో చేయి పడి మహిళకు గాయాలు" అని మాత్రం ఉంది. "కూలి అచ్చియ్యమ్మ ముందురోజు పొద్దుటి నుంచి విరామం లేకుండా పనిలో ఉంది" అన్న వాక్యం లేదు.

ఝాన్సీ డెస్కుకి ఫోన్ చేసింది.

"ఉదయ్‌కుమార్ గారూ, ఆ ఒక్క వాక్యం ఎందుకు తీసేశారండీ?"

"స్పేస్ లేదు మేడం. చెయ్యి పడిందని వేశాంగా, అసలు వార్త అదేగా."

అసలు వార్త అది కాదు. బెల్లం వండే ఆ క్రషర్ యజమాని సత్యారావు, "ఆవిడ మా కూలేటి? రసం తాగడానికొచ్చి సెయ్యెట్టేసింది" అని అప్పటికే బుచ్చయ్యపేటంతా చెప్పేశాడు. పనిలో ఉందని తేలితేనే అచ్చియ్యమ్మకు పరిహారం. "పేపర్లో కూడా కూలి అని లేదే" అని లేబర్ ఆఫీసరు నసిగాడు.

ఆసుపత్రిలో అచ్చియ్యమ్మ కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని అంది: "సెయ్యి మర తినేసింది, ముక్క మీవోళ్లు తినేసేరు. ఏటి సేద్దాం ఝాన్సమ్మా?"

"దిమ్మల మీద వచ్చేస్తాది పిన్నీ."

రాలేదు. కోసిన వాక్యాలు దిమ్మల మీద తేలతాయని సత్యారావుకీ తెలుసు. దిమ్మలు పోయడం మానేసి, పాకాన్ని పాకంగానే డబ్బాల్లో నింపించాడు. జారే పాకం మీద అక్షరం నిలవదు.

ఆఫీసరు విచారణకు వచ్చేసరికి పెద్ద పెనంలో పాకం మరుగుతోంది. పాకం ముదిరిందో లేదో తెలియాలంటే చుక్కను చన్నీళ్లలో వేసి, ఉండ చేసి, నాలిక మీద పెట్టుకోవాలి. సత్యారావు ఆ పని ఇంకెవరికీ వదలడు. అలవాటుగా ఉండ నోట్లో వేసుకున్నాడు.

"చెప్పండి, ఆవిడ ఇక్కడికి ఎందుకొచ్చింది?"

"రసం తాగడానికి సార్" అనబోయాడు. నోట్లోంచి అచ్చమైన పేపరు భాష వచ్చింది: "కూలి అచ్చియ్యమ్మ ముందురోజు పొద్దుటి నుంచి..." రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి మిగతాది వచ్చేసింది.

ఆఫీసరు రాసుకుని, కాగితం ముందుకు తోశాడు. "సంతకం."

మర్నాడు పేపర్లో హెడ్డింగు: "కూలికి అండగా నిలిచిన క్రషర్ యజమాని." ఝాన్సీ ఆ పేపరును ఆసుపత్రి మంచం మీదకి విసిరికొట్టింది.

"ఏటి రాసేరే?"

"సత్యారావు మంచోడంట పిన్నీ! నేను రాసిందేటి, ఈళ్లేసిందేటి!"

"దానివల్ల నా పరిహారం ఆగుతాదేటి?"

"ఆగదు. సంతకం పెట్టేసేడు కదా."

"అయితే ఆడి పొగడ్త ఆడికొదిలెయ్. ఎడం సేత్తో అన్నం కలపడం రావట్లేదే. కాస్త ముద్ద సేసి పెట్టు."