కొంగు సంగతి

"నేనేం చూడలే సారు. గప్పుడు నేను కట్టలు మోస్తున్న."

సాక్షి బోనులో నిలబడి కాశమ్మ ఈ మాట అన్నప్పుడు, ముద్దాయిగా నిలబడ్డ భాగమ్మ తాను సరిగా వినలేదేమో అనుకుంది. పొద్దున తాండూరులో ఇద్దరూ కలిసే రైలెక్కారు. వికారాబాద్ వచ్చేదాకా ఒకే మూటలోని జొన్నరొట్టె తుంచుకు తిన్నారు. "ఫికర్ చెయ్యకు వదినె, నేనున్న" అంటూ చెయ్యి పట్టుకొని కోర్టు మెట్లెక్కించింది కూడా ఈ కాశమ్మే.

చూడలేదట. మరి ఏడాది క్రితం కంది చేను గట్టు మీద, చిరిగిన రవికె కనబడకుండా తన తువ్వాల కప్పింది ఎవరు?

ఆ చేను ధనరాజ్‌ది. తాండూరు ధాన్యం గంజ్‌లో పేరున్న వ్యాపారి. ఆ సాయంత్రం కోత చూసే నెపంతో వచ్చి, కూలీల్లో వెనకబడ్డ భాగమ్మను కొంగు పట్టి చేనులోకి లాగాడు. ఆమె చేతిలో కొడవలి ఉంది. రోజుకు మూడు వందల యాభై కూలి, ఎవరి కొడవలి వాళ్లే తెచ్చుకోవాలి, అది లేనివాళ్లను పిలవనే పిలవరు. ఆ కొడవలి ధనరాజ్ ముంజేతిని చీరింది.

భాగమ్మ చేసిన తప్పల్లా నేరుగా ఠాణాకు పోవడం. ఫిర్యాదు ఇద్దామని పోయింది. కొడవలిని చేనులో వదిలేయడం కూలోళ్లకు అలవాటు లేదు గనుక నడుముకు చెక్కుకొనే పోయింది. ఎస్సై మర్యాదగానే కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. కేసుకు ఫొటో కావాలి, ఒకసారి కొడవలిని చేత్తో పట్టుకొని నిలబడమన్నాడు. పట్టుకుంది. తెల్లారేసరికి ఆ ఫొటో పేపర్లో ఉంది, ఊరందరి ఫోన్లలో ఉంది. 'కొడవలి పట్టిన కిలాడీ' అని పైన హెడ్డింగు. యజమానిని బెదిరించి డబ్బు గుంజబోయిందని కింద కథ. రాసినవాడు ఎస్సీ కాలనీకి వచ్చి ఆమెను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఆమె చెప్పిన ఫిర్యాదు అసలు కాగితం మీదికే రాలేదు, కేసు ఆమె మీదే అయింది. ఆ ఫొటో చూపించి తోటి పిల్లలు నవ్వుతుంటే భరించలేక బిడ్డ నిరోషా కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుంది.

నెల కింద కాశమ్మ కొడుకు శ్రీనుకు ధనరాజ్ పప్పు మిల్లులో పని దొరికింది. ఆ కబురు విని భాగమ్మ సంతోషించింది కూడా, పిచ్చిది.

ఆమె తరఫున ప్రభుత్వం పెట్టిన వకీలు పక్కకు వచ్చి, ఉన్న ఒక్క సాక్షీ పోయిందని, తప్పయిందని ఒప్పుకుంటే జరిమానాతో బయటపడొచ్చని, లేదంటే జైలు తప్పదని గొణిగాడు. తప్పయిందంటే పొద్దుగూకేలోగా ఇల్లు చేరొచ్చు. చేరి, బిడ్డ మొహం ఎట్లా చూడాలి?

జడ్జి కళ్లద్దాలు సవరించుకొని అడిగాడు. అరవొచ్చు కదా, పారిపోవచ్చు కదా, కొట్టాల్సిన పనేముందని.

"ఉరికిన సారు. కొంగు ఆయన చేతిల ఉండె. ఎంత దూరం ఉరుకుత?"

జడ్జి గుమస్తాకు చెప్పి ఏదో రాయించాడు. కాగితమూ పెన్నూ ఆమె ముందుకు వచ్చాయి. భాగమ్మకు సంతకం వచ్చు, మహిళా సంఘంలో పట్టుబట్టి నేర్చుకుంది. చదవడం మాత్రం రాదు. చదివి వినిపించమని అడిగింది. గుమస్తా విసుక్కుంటూనే చదివాడు. నిందితురాలు కొడవలితో కొట్టినట్లు అంగీకరించింది. అంతే ఉంది. కొంగు లేదు, లాగిన చెయ్యి లేదు.

ఆమెకు కోపమొచ్చింది. కాశమ్మ మీద, ఎస్సై మీద, ఆ రోజు నమ్మి చాయ్ తాగిన తన మీద కూడా.

"ఠాణల కొడవలి పట్టుకొమ్మంటె పట్టుకున్న సారు. ఇప్పుడు గీ పెన్ను పట్టుకోను. ముందుగాల కొంగు సంగతి రాయుండ్రి."

వకీలు నెత్తి పట్టుకున్నాడు. తలుపు దగ్గర కాశమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నేల చూస్తోంది. భాగమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకొని నిలబడింది. పెన్ను చాపిన గుమస్తా చెయ్యి ఇంకా దిగలేదు.