ఆల్వా తల్లి విన్న వరస

మా బ్యాండులో వరసలు కాగితం మీద పుట్టేవి కావు. కాన్సాస్ సిటీ దాటి ఏ ఊరికో బస్సులో పోతుంటే ఒకడు కూనిరాగం తీసేవాడు, పక్కవాడు దానికి తోక తగిలించేవాడు, బస్సు దిగేసరికి పాటయ్యేది. రికార్డు మీద మాత్రం థాడియస్ గెయిన్స్ పేరే పడేది. బ్యాండు ఆయనది. ఎవరం నోరెత్తలేదు.

ఆ ఏడు దేశమంతా చిందులేసిన వరస మాత్రం మొదలు నుంచి చివరిదాకా ట్రాంబోన్ వాయించే ఆల్వాదే. అతని తల్లి డోర్కస్ చర్చి మనిషి. డ్యాన్సు హాలంటే నరకానికి వాకిలి అనేది. "నేను కట్టిన వరసమ్మా, అందరి ముందూ నా పేరు చెబుతారు" అని బతిమాలి ఆమెను మస్కోగీ నుంచి రప్పించాడు.

శనివారం మధ్యాహ్నం డ్యాన్సుకు ముందు థాడియస్ అతని భుజం తట్టాడు. "చెప్తాన్రా. మీ అమ్మ ముందు చెప్పకపోతే నేనేం మనిషిని?"

"చూస్తాంగా పెద్దాయనా," అన్నాడు డ్రమ్ముల రూఫస్. "మైకు కనపడితే మీకు మీ పేరు తప్ప ఇంకోటి గుర్తుండదు."

ఆ వరస ఎత్తుకునే ముందు, వేదిక మీద మైకు దగ్గర థాడియస్ చెప్పేవాడే. నోరు తెరిచాడు కూడా. ఈలోగా ఆ డ్యాన్సును ప్రసారం చేస్తున్న రేడియో మనిషి అందుకుని, "థాడియస్ గెయిన్స్ స్వయంగా కట్టిన వరస!" అనేశాడు. హాలు ఈలలతో ఊగిపోయింది. ఇప్పుడు కాదంటే, ఊరూరా వింటుండగా తను దొంగనని చాటుకున్నట్టే. జనానికి తల వంచాడు.

విరామంలో డోర్కస్ చేతిసంచీ గుండెకు అదుముకుని వేదిక దగ్గరకొచ్చింది.

"నీ పేరు చెప్పలేదేంరా?"

ఆల్వా థాడియస్ వంక చూశాడు. మేమందరం చూశాం. ఆయన టై సర్దుకుంటున్నాడు.

"నాది కాదమ్మా. నువ్వు రావాలని గొప్పలు కొట్టాను."

ముసలామె మొహం మాడిపోయింది. థాడియస్ వైపు తిరిగింది. "మన్నించు బాబూ. వీడిది తండ్రి పోలిక. ఊళ్లో కోడి కూసినా తనే కూయించానంటాడు. పరాయి సొత్తు నాదనమని మాత్రం నేను నేర్పలేదు."

థాడియస్‌కు చెవులదాకా చెమట పట్టింది. పెదవులు కదిలాయి. ఇప్పుడన్నా అనేస్తాడనుకున్నాను.

"ఫర్వాలేదమ్మా," అన్నాడు.

"దొరగారు క్షమించారు," అని గొణిగాడు రూఫస్, నా వెనక.

విరామం తరవాత జనం మళ్లీ అదే వరస అడిగారు. ఆల్వా లేచి నిలబడి వాయిస్తుంటే, థాడియస్ పక్కకు తప్పుకుని రెండు చేతులూ అతనివైపే చాపి నిలబడ్డాడు. నోటితో అనలేనిది అలా చెబుదామనుకున్నాడేమో. ముసలామె ఆ చేతులనే మెచ్చుకోలుగా చూస్తూ పక్కనున్నామెతో అంది: "ఎంత పెద్దమనసో చూడు. అంత అబద్ధమాడినవాడికి కూడా చోటిచ్చాడు."