బవేరియా దొరలు, బోధన్ దొరలు

సవిత కళ్లెదుటే ఆమె తండ్రి కొమురయ్యను గొడ్డలితో నరికారు. పట్టపగలు, కోతకొచ్చిన చెరుకు చేనులో. నలభై ఏళ్లుగా కౌలు చేస్తున్న నేల వదిలి పొమ్మంటే "పోను" అన్నాడాయన. అంతే. రెండు వేట్లు. కూతురు పరుగెత్తి వచ్చేసరికి నోట్లో మట్టి, మెడ నుంచి నెత్తురు.

నరికింది పెద్దదొర మనుషులు. బోధన్ పక్కన నాలుగు వందల ఎకరాల కోసం పెద్దదొర, చిన్నదొర మూడేళ్లుగా కత్తులు దూసుకుంటున్నారు. ఒక్క తల్లి బిడ్డలే. ఆ నేలలో నడుం వంచేది మాత్రం మూడు ఊళ్ల కౌలుదార్లు.

పోస్టుమార్టం అయి శవం ఇంటికొచ్చిన గంటకే చిన్నదొర మనిషి నాగేందర్ వాకిట్లో నిలబడ్డాడు.

"చిన్నదొర మీ ఎన్క ఉన్నడు. కత్తులిస్తడు, బండ్లిస్తడు. పెద్దదొర ఉండే గడిని తగలవెట్టుర్రి. భూమి మా దొర చేతికొస్తే మిమ్ముల సల్లగ సూస్తడు."

సవిత చిన్నాయన కొడుకు లింగం లేచాడు. "ఇయ్యి కత్తులు! పెద్దబాపు నెత్తుటికి నెత్తురు తీస్త!"

జనం హోరెత్తారు.

"కూసో, లింగం." సవిత గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. ఆమె నిజామాబాద్ కాలేజీలో చరిత్ర చెబుతుంది. "నాకు లేదా కసి? ముందుగాల ఒక ముచ్చట ఇను. ఎనిమిది వందల ఏండ్ల కింద జర్మనీల హెన్రీ అని డ్యూక్ ఉండె. డ్యూకంటే పెద్ద దొర. బవేరియా, సాక్సనీ అనే రెండు సీమలూ ఆయనయే. సింహమని పిలిచేటోళ్లు. మేనత్త కొడుకే చక్రవర్తి. గా బావ యుద్ధానికి రమ్మంటే ఈయన పోలే. చక్రవర్తి పగవట్టి రెండూ గుంజుకున్నడు."

"మంచిగైంది," అన్నారెవరో.

"బవేరియాను ఇంకో దొరల ఇంటికిచ్చిండు. గా ఇల్లు ఏడు వందల ఏండ్లు ఏలింది. తాత, తండ్రి, కొడుకు, మనుమడు."

"మరి దున్నెటోళ్లకు ఏమొచ్చిందక్కా?" అన్నాడు లింగం.

"ఏమొస్తది? దండం పెట్టే గడి మారింది."

మొగుడి శవం కాళ్ల దగ్గర కూర్చున్న సవిత తల్లి తారాబాయి తలెత్తి నాగేందర్‌ను చూసింది. "పో. నా మొగని పీనుగ తొక్కి భూమికి రావద్దని మీ దొరకు చెప్పు."

వాడు పోయాక లింగం అడిగాడు. "గక్కడి రైతులు ఎన్నడూ తిరగవడలేదా?"

"జర్మనీల శానా తాన్ల తిరగవడ్డరు. మూడున్నర వందల ఏండ్ల తర్వాత."

"గెలిసిండ్రా?"

"లే. లక్ష మంది దాక సచ్చిండ్రు."

సవిత ఏమీ దాచలేదు. "ఒక్క తాన కొట్లాడుతుంటే ఇంకో తానోళ్లు సూస్తూ కూసున్నరు. గదొక్కటి మనం చెయ్యొద్దు."

మూడో నాటి పొద్దున మూడు ఊళ్లూ చేనులోకి దిగాయి. పెద్దదొర కౌలుదార్లు, చిన్నదొర కౌలుదార్లు కలిసి, ఈ పంట ఏ గడికీ పోదంటూ ఒకే వరసలో చెరుకు కొట్టడం మొదలుపెట్టారు.

బండ్లు దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. మొదటి బండిలోంచి పెద్దదొర దిగాడు. అదే బండిలోంచి చిన్నదొర. మూడేళ్లుగా ఒకరి ముఖం ఒకరు చూడని అన్నదమ్ములు పక్కపక్కన నిలబడి "కొట్టుర్రి" అన్నారు.

వెంట వచ్చిన గూండాల ఇనుప రాడ్లు విరుచుకుపడ్డాయి. లింగం నెత్తి పగిలింది. ఒక ముసలామె చెయ్యి విరిగింది. దవడ మీద దెబ్బకు సవిత నోరు నెత్తురైంది. అయినా ఒక్క కాలు వెనక్కి పడలేదు. రాళ్లు, గడలు, చెరుకు కత్తులు ఒక్కసారే లేచాయి. గూండాలు చెదిరిపోయారు. కొమురయ్యను నరికినవాడు మట్టిలో పడి చేతులు జోడించాడు. సవిత కత్తి వాడి మెడ దాకా వెళ్లింది. అక్కడే ఆపింది.

"ఎవడు పంపిండో జనం ముంగట చెప్పు!"

వాడు దొరల వైపు వేలు చూపాడు. దొరలు అప్పటికే బండెక్కారు.

వాళ్ల ఫోన్ అందుకుని పోలీసులు వచ్చారు. "లీడరెవడు? పేరు చెప్పుర్రి!" అని ఎస్సై అరిచాడు.

లింగం కళ్లలోకి కారిన నెత్తురు తుడుచుకున్నాడు. "రాసుకో. లింగం."

"తారాబాయి. కొమురయ్య పెండ్లాన్ని."

"గోదావరి."

"బాలన్న."

పేర్లు వస్తూనే ఉన్నాయి. ఎస్సై చిరాకుపడి, కత్తితో ముందు నిలబడ్డ సవితకు బేడీలు వేయించాడు. వ్యాన్ కదిలింది. వెనక చెరుకు మొదళ్ల మీద వందల కత్తుల చప్పుడు మళ్లీ మొదలైంది.