పన్నెండో ముడి

ఆయా, టీచరమ్మ మడమలకు నూనె రాస్తూనే, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని తన కొడుకుతో మాట్లాడుతోంది.

"ఎక్కడున్నావురా? నిదానంగా నడుపు. మలుపులో హారన్ కొట్టు."

"ఇంకా ఇంట్లోనే ఉన్నానే అమ్మా. పళ్ళు తోముకుంటున్నా."

"సరే, అదైనా నిదానంగా తోముకో."

మంచం మీద టీచరమ్మ నవ్వింది. ఆవిడ నవ్వితే మొహం కదలదు, దుప్పటి కింద పొట్ట మాత్రం పైకీ కిందికీ ఊగుతుంది.

ఆయా పొట్టి మనిషి. కుడికాలు కాస్త ఈడుస్తుంది. మెడలో గొలుసుకు పిన్నీసుల గుత్తి, చేతిసంచిలో జ్వరం బిళ్ళలు, టార్చిలైటు, మండుటెండలో కూడా గొడుగు. "వాన చెప్పి వస్తుందా?" అంటుంది ఎవరైనా నవ్వితే. పదహారేళ్ళుగా మంచాన పడ్డవాళ్ళకు సేవ చేసి బతుకుతోంది. కొడుకు వ్యాన్ నడుపుతాడు. వాడు వ్యాన్ ఎక్కిన దగ్గర్నుంచి ఈవిడ ప్రాణం చక్రం కిందే ఉంటుంది.

"నిన్న నాకు బిస్కెట్లు పెట్టావని మా కోడలికి చెప్పనని ఒట్టెయ్యి. మీవాడి మీద" అంది టీచరమ్మ.

ఆయా నాలుక కరుచుకుంది. "అంత మాటొద్దమ్మా. కావాలంటే నా మీద వేస్తా, దేవుడి మీద వేస్తా. వాడి జోలికి మాత్రం వెళ్ళను."

టీచరమ్మ ముప్పైమూడేళ్ళు లెక్కలు చెప్పింది. చూపు పోయి ఆరేళ్ళయింది. వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. కోడలు ఆఫీసుకు వెళ్తూ టీవీలో ఏదో ఒకటి పెట్టి వెళ్తుంది. ఈ వారం కొరియా సినిమా పెట్టింది. రాజుల కాలం నాటి కథ. ప్రేమ ఉంది, వరసగా హత్యలూ ఉన్నాయి. మాటలు వాళ్ళ భాషలో, కింద తెలుగు అక్షరాలు. ఆ అక్షరాలు పైకి చదవడం ఆయా పని. ఏడో తరగతితో ఆగిన చదువు కావడంతో సగం వాక్యంలో ఉండగానే అక్షరాలు మాయమయ్యేవి. అందుకని రిమోట్‌తో ఆపి, కూడబలుక్కుని చదివి, మళ్ళీ నడిపేది. అలా రెండు గంటల సినిమా నాలుగు రోజులుగా సాగుతోంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. "గుండె బలహీనంగా ఉంది, ఆవిడ్ని కంగారు పెట్టకండి" అన్నాడు డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయా సినిమాలో ఎవరూ చావడం లేదు. విషం తాగిన మంత్రికి అజీర్తి చేసింది. కత్తిపోటు తిన్న సైనికుడు స్పృహ తప్పాడు. బావిలో తోసేసిన వంటావిడ పుట్టింటికి వెళ్ళింది.

"బావిలోంచా?" అంది టీచరమ్మ.

"దగ్గరి దారేమోనమ్మా."

అలాంటప్పుడల్లా టీచరమ్మ ఒళ్ళో ఉన్న తువ్వాలు అంచుకు ఒక ముడి వేసేది. వేళ్ళకు కాలక్షేపం కావాలి కాబోలు అనుకుంది ఆయా.

ఆ మధ్యాహ్నం ఆఖరి ముక్క మిగిలింది. రిమోట్ నొక్కబోతే టీచరమ్మ ఆపింది. తువ్వాలు అంచు తడిమింది.

"పదకొండుమంది చచ్చారు."

ఆయా రిమోట్ దించేసింది. "ఎవరు చెప్పారమ్మా?"

"పోయినది కళ్ళే, చెవులు కాదు. మూర్ఛపోయినవాళ్ళ కోసం అంతమంది ఆడవాళ్ళు గుండెలు బాదుకోరు. ఇన్నాళ్ళూ నీ సినిమా విన్నాను, బాగానే ఉంది. ఇవాళ వాళ్ళ సినిమా వినిపించు. ఆ కాగితాల పిల్ల బతుకుతుందో లేదో నాకు తేలాలి. తప్పు జవాబుతో బోర్డు తుడవడం నాకు అలవాటు లేదే."

కాగితాల పిల్లంటే రాజభవనం తలుపులకు కాగితం అతికించే అమ్మాయి. ఆ కాగితం మీద హంతకుడి నీడ చూసింది. వాడూ ఈమెను చూశాడు. కాపలావాడొకడు ఆమెను ప్రేమించాడు. ఆ పిల్లకు ఏమవుతుందోనని ఆయాకు మూడు రోజులుగా అన్నం సయించలేదు. చివరికి ఏ దేవుణ్ణో తలుచుకుని రిమోట్ నొక్కింది.

మంచు కురుస్తోంది. చంపడానికి వచ్చినవాడు కూడా గుమ్మం బయట చెప్పులు జతగా విడిచి లోపలికి వెళ్ళాడు. "ఎంత పద్ధతమ్మా!" అని ఆయా ముచ్చటపడింది. ఆ పిల్ల వెనకనుంచి వచ్చి ఆ చెప్పుల నిండా జిగురు పోసింది. వాడు పారిపోబోతూ కాళ్ళు పెట్టాడు, అంతే, బోర్లా పడ్డాడు. టీచరమ్మ పొట్ట ఊగింది. కానీ పడినవాడు లేచి కత్తి విసిరాడు. కాపలావాడు పిల్లను లాక్కుని గడ్డకట్టిన నదిలోకి దూకాడు. మంచు పలక పగిలింది. సంగీతం ఏడ్చి ఏడ్చి ఆగిపోయింది.

టీచరమ్మ పన్నెండో ముడి వేసింది.

ఆయా కళ్ళు తుడుచుకుని చూసేసరికి కింద అక్షరాలు వచ్చాయి. "'నీకు... చలిగా... ఉందా?' అమ్మా! అవతలి ఒడ్డుకు చేరారు! బతికింది!"

"మళ్ళీ మొదలుపెట్టావా?"

"నిజమమ్మా! దేవుడి మీద ఒట్టు."

"దేవుణ్ణి నువ్వు రోజుకు పదిసార్లు వాడతావు. బావిలో పడ్డది పుట్టింటికెళ్ళిందన్నావు. మంచు నీళ్ళలో పడ్డది ఒడ్డుకు చేరిందంటున్నావు. ఏది నమ్మను?" ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. "పోనీలే. పిల్ల పోయిందన్నమాట."

ఆయా ఫోను వంక చూసింది. ఇద్దరు పోయాక నిలిచిన బిడ్డ వాడు.

"మావాడి మీద ఒట్టు" అంది.

టీచరమ్మ మెల్లగా ఇటు తిరిగింది.

"అయితే బతికింది."

"బతికింది."

"వాడు?"

"వాడూనమ్మా. ఇద్దరూ కూర్చుని తడిబట్టలు పిండుకుంటున్నారు."

దుప్పటి కింద పొట్ట చాలాసేపు ఊగింది. "టీ పెట్టవే. నాకూ అరకప్పు, చక్కెర వేసి. కోడలికి చెప్పకు."

వంటింట్లో నీళ్ళు మరిగేలోపు ఆయా కొడుక్కి ఫోను చేసింది.

"ఎక్కడున్నావురా?"

"భోంచేస్తున్నానే."

"నిదానంగా నములు" అంది. ఎందుకో ఆమెకే నవ్వొచ్చింది.

టీ పట్టుకొచ్చి, "టీచరమ్మా" అని పిలిచింది. ఇంకోసారి పిలిచింది. దుప్పటి కదలడం లేదు. తుమ్మినా దగ్గినా చావే గుమ్మంలోకి వచ్చిందనుకునే మనిషి, అది నిజంగా వచ్చి వెళ్ళిపోయాక అరవలేదు. కప్పు ఒలకకుండా బల్ల మీద పెట్టింది. నెరిసిన జుట్టు చెవి వెనక్కి సర్ది, పక్కన కూర్చుంది. టీవీలో అక్షరాలు తెరమీద పైకి పాకిపోతున్నాయి. వాటిని చదవమనేవాళ్ళు లేరు.

టీచరమ్మ ఒళ్ళో తువ్వాలు అలాగే ఉంది. అంచున పదకొండు ముడులు బిగిసి ఉన్నాయి. పన్నెండోది విప్పేసిన చోట గుడ్డ ఇంకా నలిగే ఉంది.